మిద్దె తోట లెక్క: హన్మకొండ ప్రాజెక్టు డైరీ

26 జనవరి 2024

ఇవాళ నుంచి లెక్క రాస్తున్నాను. హన్మకొండ గోపాలపురంలో మా మూడో అంతస్తు స్లాబు మీద ఆకుకూరలు పండించి అమ్మడం మొదలుపెట్టి రెండేళ్లయింది. స్లాబు 1,800 చదరపు అడుగులు. అందులో మడులు పోసింది 80 చదరపు మీటర్లు, మిగతాది దారులు, ట్యాంకు, నీడ కింద చిన్న నర్సరీ. పాలకూర, తోటకూర, కొత్తిమీర, మెంతి, పుంటికూర మట్టి బ్యాగుల్లో. లెట్యూస్ (సలాడ్ ఆకు) మాత్రం పైపు చానెళ్లలో, నీళ్లలోనే. 46 ఇళ్లకు, రెండు హోటళ్లకు ఇస్తున్నాం.

రెండు వీధుల అవతల ఇంకో స్లాబు లీజుకు ఇస్తామంటున్నారు. 2,400 చదరపు అడుగులు. తమ్ముడికి ఇవాళే సంతకం పెట్టేయాలని ఉంది. నేను ఒక్క ఏడాది ఆగమన్నాను. మా కరపత్రం మీద "పర్యావరణానికి మేలు" అని అచ్చు వేయించాం. ఆ మాటకు నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. నాలుగు రోజులుగా అదే మనసులో మెదులుతోంది.

కారణం ఈ నెలలోనే నేచర్ సిటీస్ పత్రికలో వచ్చిన అధ్యయనం. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ల ఆధ్వర్యంలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, పోలండ్‌లలో 73 పట్టణ తోటలను లెక్కగట్టారు. ఒక పూట తినే కూరగాయకు పట్టణ తోటలో సగటున 0.42 కిలోల కార్బన్ వాయువులు వెలువడితే, మామూలు పొలంలో 0.07 కిలోలే. ఆరు రెట్లు. తప్పులో పెద్ద వాటా నీళ్లదో ఎరువుదో కాదట, మడుల చట్రాలు, షెడ్లు, దారులు, గొట్టాలదట. కట్టిన వాటిని కొన్నేళ్లకే పీకేస్తారు కాబట్టి వాటి భారమంతా ఆ కొద్ది పంట మీదే పడుతుంది. ఆరుబయట మట్టిలో పండించిన టమాటా లాంటి కొన్నింటిలో మాత్రం పట్టణ తోట గెలిచింది.

అవి చలి దేశాల తోటలు. మన ఎండ వేరు, మన ఖర్చులు వేరు. అందుకే మన దగ్గర మనమే కొలవాలి. నీళ్లకు మీటరు, కరెంటుకు సబ్ మీటరు, కోతకు తూకం, పనికి గంటలు, ప్రతి వస్తువుకూ కొన్న ధర, ఎన్నేళ్లు వస్తుంది. ఫిబ్రవరి 1 నుంచి వచ్చే జనవరి 31 దాకా.

31 జనవరి

లెక్కలో మొదటి రోజే భయపడ్డాను. తమ్ముడి స్నేహితుడు ఒకరు సివిల్ ఇంజినీరు. స్లాబు చూసిపొమ్మని పిలిచాం. మనుషులు తిరిగే పైకప్పుకు ఐఎస్ 875 (కట్టడాలు మోయాల్సిన బరువుల మీద మన దేశ ప్రమాణం) ప్రకారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల బరువు లెక్కలోకి తీసుకుని కడతారని చెప్పాడు. తర్వాత మా బ్యాగు ఒకటి చూపించి తూకం అడిగాడు. నేను పొడిగా ఉన్నప్పటి అంకె చెప్పాను.

"అక్కా, మట్టి ఎండినప్పుడు కాదు, వాన తాగినంక తూకం వెయ్యాలె" అన్నాడు.

నిండా తడిపి, ఒక పొడుగు బ్యాగును తట్టలతో ఎత్తి విడిగా తూచాం. ఎర్రమట్టి ఎక్కువగా కలిపిన పాత బ్యాగుల్లో తొమ్మిది అంగుళాల లోతుకు చదరపు మీటరుకు 260 కిలోలు వచ్చింది. దారులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి మొత్తం మీద సగటు తక్కువే. కానీ స్లాబు నడిమధ్యన నాలుగు వరసలు అట్లాగే ఉన్నాయి. రెండు వానాకాలాలు మా కింది అంతస్తులో పిల్లలు పడుకున్నారు.

ఆ నాలుగు వరసలు మూడు రోజుల్లో ఖాళీ చేశాం. కొత్త మిశ్రమం: కొబ్బరి పొట్టు సగం, కంపోస్టు మూడో వంతు, మిగతాది ఎర్రమట్టి. లోతు ఆరు అంగుళాలు. తడిపి తూస్తే 120 కిలోలు. బరువైన డ్రమ్ములన్నీ దూలాల మీదికి, గోడల పక్కకు జరిపాం. మిద్దె తోట పెట్టాలనుకునే ఎవరికైనా నేను మొట్టమొదట చెప్పేది ఇదే: విత్తనం కొనే ముందు ఇంజినీరును పిలవండి, బ్యాగును తడిపి తూయండి.

3 మార్చి

ఫిబ్రవరి లెక్క తేలింది. పంట 118 కిలోలు, నీళ్లు రోజుకు 420 లీటర్లు. అంటే కిలోకు 103 లీటర్లు. సంతోషమే.

చానెళ్ల పంపు చిన్నది, 45 వాట్లు. కానీ రాత్రీ పగలూ తిరుగుతుంది, నెలకు 31 యూనిట్లు. చానెళ్లలో వచ్చిన లెట్యూస్ 14 కిలోలు. కిలోకు 2.2 యూనిట్లన్నమాట. మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, కిలో లెట్యూస్ వెనక పంపు ఒక్కటే కిలోన్నర వదులుతోంది. అరిజోనాలోని యూమా ప్రాంతంలో లెట్యూస్ మీద 2015లో వచ్చిన ఒక పరిశోధన చూశాను. గ్రీన్‌హౌస్‌లో నీళ్లలో పెంచితే కిలోకు 20 లీటర్లు, పొలంలో 250 లీటర్లు. నీళ్లు పదమూడో వంతే. కానీ శక్తి మాత్రం 82 రెట్లు, కిలోకు 90,000 కిలోజౌళ్లు, అంటే 25 యూనిట్లు. ఆ రెండో అంకెను ఏ హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా నీళ్లలో పెంచడం) వీడియోలోనూ ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు సామాను లెక్క. జీఐ పైపుల చట్రం 1,80,000, పదిహేనేళ్లు వస్తుంది. షేడ్ నెట్ 24,000, మూడేళ్లు. గ్రో బ్యాగులు 54,000, మూడేళ్లు. డ్రిప్పు, ట్యాంకు, పంపు కలిపి 63,000, చానెళ్లు 98,000, ఈ రెండూ ఏడేళ్లు. మొత్తం 4,19,000 రూపాయలు. ఏళ్లతో భాగిస్తే ఏటా 61,000 అరిగిపోతోంది. ఇందులో ఎక్కువ తినేది పెద్ద చట్రం అనుకున్నాను. కాదు, బ్యాగులు. చట్రానికి ఏడాదికి 12,000 అయితే బ్యాగులకు 18,000. ఎండకు అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి, ఆ ప్లాస్టిక్ ముక్కలు మట్టిలోనే కలుస్తున్నాయి. కిలో మీద నలభై రూపాయలకు పైగా సామానుకే పోతుంటే మనం అమ్మేది కిలో 125 లెక్కన.

తమ్ముడికి చూపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వెళ్లి పాత చీరలు తెచ్చి బ్యాగుల అంచులకు ఎండ తగలకుండా చుట్టడం మొదలుపెట్టాడు.

17 మార్చి

కంపోస్టు. కింద ఉన్న టిఫిన్ సెంటర్ నుంచి రోజూ పది పదిహేను కిలోల తొక్కలు, చెరుకు రసం బండి నుంచి పిప్పి, గుడి నుంచి పూలు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం ఈ ఊరికి కొత్త కాదు. 2012లోనే వరంగల్‌లో ఇంటింటికీ తిరిగి నేర్పించారు. అప్పుడు మా అమ్మ పెట్టిన రెండు బుట్టలు ఇప్పటికీ ఉన్నాయి.

మొదట తొక్కలే ఎక్కువ వేశాం. వాసన, ఈగలు. పక్కింటి పెద్దమ్మ మెట్లెక్కి వచ్చి మరీ చెప్పింది. తప్పు మాదే. పచ్చి చెత్త ఒక పాలుకు ఎండు ఆకు, పిప్పి రెండు పాళ్లు పడాలి. కర్బనం, నత్రజని ముప్పైకి ఒకటిగా ఉంటేనే కుప్ప వేడెక్కుతుంది, వాసన రాదు. రెండు వారాల్లో సర్దుకుంది. పెద్దమ్మకు మొదటి బస్తా ఎరువు ఇచ్చాం, ఆమె మల్లె చెట్టుకు.

మిషిగన్ వాళ్లు చెప్పిన మూడు దారుల్లో ఇదొకటి: నగరం పారేసేదే తోటకు మేత కావాలి. మిగతా రెండు, కట్టినదాన్ని ఎక్కువ కాలం వాడటం, తోట మనుషులకు కూడా ఉపయోగపడటం.

19 మే

రాయడానికి మనసు రావట్లేదు, అయినా రాయాలి.

ఏప్రిల్ రెండో వారంలో లెట్యూస్ మొత్తం పోయింది. మధ్యాహ్నం ట్యాంకులో నీళ్లు 34 డిగ్రీలు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగే ప్రాణవాయువు దాదాపు 9 మిల్లీగ్రాములు, 30 దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. వేళ్లకు ఊపిరాడదు, అదే వేడిలో కుళ్లు తెగులు విజృంభిస్తుంది. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగులో జిగురుగా చేతికి వచ్చాయి. 320 మొక్కలు. చిల్లర్ పెట్టమన్నారు కొందరు. నీళ్లను చల్లబరచడానికి ఇంకో మిషను, దానికి ఇంకో మీటరు. వద్దనుకున్నాం.

మట్టి మడుల్లోనూ గడ్డు కాలమే. పాలకూర వేస్తే మొలకెత్తడం లేదు, మొలిచినా చేదు. తోటకూర, గంగవాయిలి కూర మాత్రం ఎండకు తట్టుకుని నిలబడ్డాయి. నీళ్లు రోజుకు 780 లీటర్లు దాటుతున్నాయి. ఆరు అంగుళాల మట్టి పొద్దున తడిపితే మధ్యాహ్నానికి ఎండిపోతుంది. పైనుంచి సూర్యుడు, కిందనుంచి స్లాబు. బోరు నీళ్లు పావుగంటకే ఆగి ఆగి వస్తున్నాయి. కింద అద్దెకున్నవాళ్లు బకెట్లు నింపి పెట్టుకుంటున్నారు. వాళ్ల స్నానాలకు చాలని నీళ్లు నేను కూరకు పోయడం న్యాయమా అని మూడు రాత్రులు ఆలోచించాను. నిన్నటి నుంచి సగం మడులు ఎండగట్టాం.

9 జూన్

పొద్దున నాలుగున్నరకు లక్ష్మీపురం కూరగాయల మార్కెట్‌కు వెళ్లాను. రెండేళ్లలో ఇది చాలాముందే చేయాల్సిన పని.

పైడిపల్లి వైపు నుంచి ఆటోలో కట్టలు తెచ్చిన ఒక అక్కతో గంటసేపు కూర్చున్నాను. ఎకరం పది గుంటల భూమి, అందులో ముప్పై గుంటలు ఆకుకూరలే. నేను నా డైరీ తీసి లీటర్లు, యూనిట్లు చెబితే ఓపిగ్గా విన్నది.

"చెల్లే, నా మడికి సామాను ఏముంటది? నాగలి, పార, పైపు. ఆ పార మా అత్తది. నీ కర్సంతా మట్టిని మీదికి ఎక్కించుటానికే అయితాంది గదా" అన్నది.

నా సామాను లెక్కంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆమె పొలంలో మట్టి నాలుగడుగుల లోతు. తడి రెండు రోజులు నిలుస్తుంది. వ్యవసాయానికి 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి నీళ్ల ఖర్చు ఆమెకు కనబడదు. అది నిజమే, బోర్ల మీద ఆ భారం పడుతూనే ఉంది. మందులు కొడుతుంది, దాచలేదు కూడా. కొట్టిన మూడో రోజే కోసే వాళ్లున్నారని చెప్పింది. మా 46 ఇళ్లు మా దగ్గర కొనేది అందుకే.

పెద్ద కట్టలు వందకు ఎంత పలికాయో చెబుతుంటే నాకు బాధేసింది. కిలోకు ఇరవై, పాతిక చేతికి వస్తే గొప్ప. ఆమె మడి పక్క రెండు చేలలో అప్పటికే హద్దురాళ్లు పాతారట. "మాది గూడ అడుగుతాండ్రు" అన్నది.

ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన. నగరంలో సేద్యం అనగానే మేమంతా మేడల వైపు చూస్తున్నాం. నగరానికి అంచున, ఆటో దూరంలో, మట్టి ఉన్నచోటే ఉన్న మడులు ప్లాట్లవుతున్నాయి. ఆ ఎకరం పోతే దాని బదులు ఎన్ని స్లాబులు కావాలి? ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. మా మడుల లెక్కన యాభై మిద్దెలు.

జూలై

కోతులు. మంగళవారం మధ్యాహ్నం ఇరవై నిమిషాల్లో రెండు వరసలు. మన జిల్లాల్లో పంట పెట్టిన ఎవరికైనా చెప్పనక్కర్లేదు. నెట్‌ను కిందిదాకా దించి బిగించాం, 3,100 ఖర్చు.

బంతి నారు పోశాం, బతుకమ్మకు.

4 సెప్టెంబర్

శనివారం మొదలైన వాన సోమవారానికి తెరిపిచ్చింది. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కాజీపేట, విజయవాడ మధ్య రైళ్లు ఆగిపోయాయి. పైడిపల్లి అక్కకు ఫోన్ చేస్తే పాలకూర మడి రెండు రోజులు నీళ్లలోనే ఉందని చెప్పింది.

మార్కెట్‌లో ఆకుకూర లేదు. మా మిద్దె మీద ఉంది. ఎత్తు మీద ఉండటం, బ్యాగు అడుగున రంధ్రాల నుంచి నీళ్లు దిగిపోవడం, పంట నిలబడటానికి ఈ రెండే కారణాలు. మూడు రోజులు మామూలు ధరకే ఇచ్చాం, 46 ఇళ్లే కాదు, అడిగిన ప్రతి ఇంటికీ చిన్న కట్ట చొప్పున. మిద్దె తోట చేసే మేలు ఏదైనా ఉందంటే ఈ వారం నా కళ్లతో చూశాను. కిలోలు, లీటర్లు కొలిచే నా పట్టికలో దీనికి గడి లేదు. కొత్తగా గీశాను: "కష్టకాలంలో కూర దొరికిన ఇళ్లు". ఈ వారం 71.

వాన నీళ్ల సంగతి కూడా తేలింది. మా స్లాబు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 167 లీటర్లు. మా సంపు 5,000 లీటర్లు. 30 మిల్లీమీటర్లకు నిండిపోయింది, మిగతాదంతా వీధి కాలువలోకి. ఏడాదికి మన దగ్గర పడే వాన 900 మిల్లీమీటర్లకు పైనే, అంటే మా ఒక్క స్లాబు మీదే లక్షన్నర లీటర్లు. మా తోట ఏడాది అవసరం దాదాపు అంతే. కానీ పడేది ఆగస్టులో, కావలసింది మేలో. పాకాల, రామప్ప, లక్నవరం తవ్వించిన కాకతీయుల కాలం నుంచి ఈ నేల కష్టం ఇదే, వానను వేసవి దాకా దాచడం. చెరువు చేసే పనిని సంపు చేయలేదు. రెండో సంపుకు జాగా లేదు, ఉన్నా ఆ సిమెంటు మళ్లీ లెక్కలోకే వస్తుంది.

11 అక్టోబర్

నిన్న సద్దుల బతుకమ్మ. అరవై బ్యాగుల బంతి 42 కిలోలు పూసింది, కిలో 110కి మొత్తం పోయింది. తంగేడు, గునుగు అడిగారు చాలామంది. అవి ఎవరూ పండించరు, బీడు భూముల్లో వాటంతటవే పూస్తాయి. చిన్నప్పుడు మేం హంటర్ రోడ్డు దాటితే చాలు దొరికేవి. ఈసారి గునుగు కోసం తమ్ముడు పన్నెండు కిలోమీటర్లు వెళ్లాడు. వచ్చే ఏడు రెండు డ్రమ్ముల్లో గునుగు విత్తనం చల్లి చూస్తాను.

24 నవంబర్

అమెరికాలో బవరీ ఫార్మింగ్ మూసేశారు. ఏరోఫార్మ్స్ పోయిన ఏడాది జూన్‌లోనే దివాలా పిటిషన్ వేసింది. దీపాల కింద అరల మీద అరలుగా ఆకుకూరలు పెంచిన పెద్ద కంపెనీలివి. తమ్ముడు ఒకప్పుడు వాళ్ల వీడియోలు చూసి రాత్రంతా బొమ్మలు గీసేవాడు. ఇవాళ వాడే వార్త చదివి వినిపించాడు. "మనకు ఎండ ఊరికే వస్తది గదక్కా, దాన్ని కొనుక్కునుడేంది" అన్నాడు.

చానెళ్లను ఒక కాలేజీ ల్యాబ్‌కు 30 వేలకు ఇచ్చేశాం. పిల్లలు నేర్చుకోవడానికి పనికొస్తాయి.

2 ఫిబ్రవరి 2025

ఏడాది పూర్తయింది. రాత్రి రెండింటి దాకా అంకెలు కూడుతూ కూర్చున్నాను, పొద్దున మళ్లీ కూడి చూశాను.

పంట 1,100 కిలోలు. నీళ్లు 1,59,770 లీటర్లు, సగటున కిలోకు 145. ఏప్రిల్, మే రెండు నెలలు విడిగా తీస్తే కిలోకు 367 లీటర్లు. ఆ రెండు నెలల్లో ఏడాది నీళ్లలో 28 శాతం పోసి, ఏడాది పంటలో 11 శాతం తీశాం. నన్ను అన్నిటికన్నా కదిలించిన అంకె ఇదే. ఊరంతా నీళ్లకు ఇబ్బంది పడే రోజుల్లో మేం చేసిన పని ఇది.

డబ్బు. పాడైంది, పంచింది పోగా అమ్మింది 985 కిలోలు, వచ్చింది 1,16,200 రూపాయలు. పనిచేసే అక్క జీతం 84,000, విత్తనం, వేప పిండి, కొబ్బరి పొట్టు 14,900, కరెంటు 6,700, పెట్రోలు 10,200. కలిపితే 1,15,800. వచ్చినదానికి, పోయినదానికి దాదాపు సరి. అందుకే రెండేళ్లుగా మాకు నష్టం కనబడలేదు. చేతిలో డబ్బు ఆడుతూనే ఉంది. అరిగిపోతున్న 61,000 రూపాయల సామాను ఏ నెల ఖర్చులోనూ రాయలేదు. అది కలిపితే కిలో కూర మాకు పడ్డది 161.

నారు అమ్మకం వేరు. ఆరు చదరపు మీటర్ల నర్సరీలో టమాటా, వంగ, మిరప నారు పోస్తే 31,000 వచ్చింది. కంపోస్టు 9,000, బంతి 4,620. ఇవి కలిపినా ఇంకా పదహారు వేలు తక్కువే, నా పనికి, తమ్ముడి పనికి రూపాయి కూడా కట్టకుండా.

ఖర్చు తగ్గించాలంటే ముందు కనబడేది అక్క జీతం. రోజుకు నాలుగు గంటల పనికి నెలకు ఏడు వేలు. దాన్ని తగ్గించి తోటను నిలబెడితే, అట్లా నిలబడిన తోటను ఎవరికీ మంచిదని చెప్పలేను. ఆ గీత దాటం.

23 మార్చి 2025

మూడు వారాలు మాట్లాడుకుని నిర్ణయించాం.

రెండో స్లాబు తీసుకోవడం లేదు. నిన్న వాళ్లింటికి వెళ్లి చెప్పి వచ్చాను. ఈ మిద్దె మీద కూర అక్టోబర్ నుంచి మార్చి దాకానే. పోయిన ఏడాది పంటలో అరవై శాతం ఆ ఆరు నెలల్లోనే వచ్చింది. వేసవిలో నీడ కింద నారు, కంపోస్టు మాత్రమే. వాటిని మా దగ్గర పనిచేసే అక్కే చూసుకుంటుంది, నారు అమ్మకంలో ఆమెకు వాటా. చీరలు చుట్టిన బ్యాగులు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి, అయిదేళ్లు లాగగలం. నెట్ నాలుగేళ్లు. చానెళ్లు లేవు. ఆ లెక్కన ఏటా అరుగుదల 61,000 నుంచి 37,800కు దిగుతుంది.

వేసవిలో 46 ఇళ్లకు కూర పైడిపల్లి అక్క మడి నుంచి. పది గుంటలు విడిగా మందు కొట్టకుండా పండిస్తానని ఒప్పుకుంది. నష్టం వస్తే ఎట్లా అని అడిగింది, అడగాల్సిన మాటే. కిలోకు అరవై చొప్పున, పంట తగ్గినా వారానికి ఇంత అని ముందే చెప్పిన డబ్బు ఇస్తామని కాగితం మీద రాసుకున్నాం. ఆమె మార్కెట్‌కు ఎట్లాగూ వచ్చే ఆటోలోనే కట్టలు వస్తాయి. తిరిగి వెళ్లేటప్పుడు అదే ఆటోలో మా కంపోస్టు బస్తాలు పోతాయి. మొన్న మొదటిసారి ఎనిమిది బస్తాలు పంపాం.

కరపత్రం కొత్తగా అచ్చుకు ఇచ్చాను. "పర్యావరణానికి మేలు" తీసేశాను. దాని చోట కిలోకు ఎన్ని లీటర్లు, ఏ నెలలో ఏ కూర ఎక్కడిది అని రాయించాను.

పొద్దున పైడిపల్లి నుంచి మొదటి తోటకూర వచ్చింది, 19 కిలోలు. తూచి కొత్త పుస్తకంలో మొదటి పేజీలో రాశాను. నీళ్ల గడి ఖాళీగా ఉంది. బుధవారం వెళ్లి ఆమె బోరుకు మీటరు బిగించాలి.